హాల్సియన్ ఇయర్స్ కాదయ్యా, డేస్!

మొన్న మా ఇంటికి రంగులేయడానికి వచ్చిన కుర్రాడు సాయంత్రం పని దిగి, వరండాలో కూర్చుని బ్రష్షులు కిరసనాయిల్లో కడుక్కుంటున్నాడు. రేషను డిపోల్లోనే కనబడకుండా పోయిన కిరసనాయిలు వీడికెక్కడ దొరికిందా అనుకునేలోపే నేను తెనాలి వెళ్ళిపోయాను. మా ఆవిడ లోపల్నుంచి "ఆ తలుపెయ్యండి, వాసన" అంటూనే ఉంది. వేయలేదు.

తెనాలిలో మా పెదనాన్నకి ప్రెస్సు ఉండేది. రెండు గదులు, ముందు అరుగు, వెనక రేకుల పంచ. సిరా, కిరసనాయిలు, తడి కాగితం, మైదా బంక అన్నీ కలిసిన వాసన అది. ఇంటికెళ్ళి స్నానం చేసినా చొక్కాని వదిలేది కాదు. స్కూలు లేనప్పుడల్లా నన్ను అక్కడికి తోలేవాళ్ళు. చదువైపోయి ఉద్యోగం వచ్చేలోపు మధ్యలో పడ్డ ఖాళీ కూడా అక్కడే గడిచింది. జీతమంటూ ఏమీ లేదు. సాయంత్రానికి పునుగులు, టీ.

నా పని ప్రూఫుల దగ్గర. కాపీ పట్టుకుని పైకి చదవాలి, పెదనాన్న ప్రూఫు దిద్దేవాడు. తెలుగైతే హాయిగా సాగిపోయేది. ఇంగ్లీషొస్తే మాత్రం ఒక్కొక్క అక్షరం పలకాలి, ఎందుకంటే మా ఫోర్‌మన్ తాతకి ఇంగ్లీషు రాదు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరం ఆకారం చూసి పేర్చేవాడు, అదీ తిరగేసి ఉన్న సీసం అక్షరాన్ని. బి, డి, పి, క్యూ అనే నాలుగు దొంగల్నీ వేలి కొసతో తడిమి పట్టుకునేవాడు. తెలుగు కేసుల్లో, అంటే అక్షరాలు పోసుకునే చెక్క అరల్లో, గుణింతాలకీ ఒత్తులకీ కలిపి బోలెడు గళ్ళు ఉంటాయి, గోడ పొడుగునా పరిచేవాళ్ళు. ఇంగ్లీషుకి పైన ఒకటి, కింద ఒకటి, రెండే కేసులు. కింద కేసులో అన్నిటికన్నా పెద్ద గడి 'ఇ'ది. ఎక్కువగా పడేది అదే కాబట్టి. "ఈ భాష పేదోళ్ళది అబ్బాయ్, ఇరవయ్యారుతోనే సరిపెట్టుకున్నారు" అనేవాడు తాత.

"అర్థం తెలీకుండా ఎట్టా పేరుస్తావు తాతా?" అనడిగానొకసారి.

"అర్థం మనకెందుకురా? డబ్బులిచ్చేవాడికి తెలిస్తే చాల్దా?"

డబ్బులిచ్చేవాళ్ళకి తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ప్రెస్సుకి పంచాంగమే యజమాని. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే శుభలేఖలు. పసుపు రాసిన అంచులు ఆరబెట్టడానికి అరుగంతా దండేలే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు. పరీక్షల ముందు క్వశ్చన్ పేపర్లు, అవి మాత్రం తలుపులేసి కొట్టేవాళ్ళు. ఎలక్షన్లొస్తే రాత్రంతా ట్రెడిల్, అంటే కాలితో తొక్కే అచ్చు యంత్రం, ఆగేది కాదు. తొక్కేవాడు కాలు మారుస్తూ తొక్కుతుంటే ధడ్, చిక్, ధడ్, చిక్. కుడిచేత్తో కాగితం పెట్టి, ఎడమచేత్తో తీయాలి, యంత్రం నోరు మూసుకునేలోపు చేతులు బయటికి రావాలి. ఆ చప్పుడు కాస్త తేడాగా వినబడితే చాలు, తాత కేసు దగ్గర్నుంచి కదలకుండానే "రోలరుకి సిరా చాల్లేదు, చూడు" అని కేకేసేవాడు.

వీటన్నిటి మధ్యలో ఎప్పుడంటే అప్పుడు ఊడిపడేవి సన్మాన పత్రాలు. తెలుగువైతే "సౌజన్యమూర్తీ!", "విద్యాదాన కర్ణా!" అంటూ పేరాకొక సంబోధన. ఇంగ్లీషు వాటిని ఫేర్‌వెల్ అడ్రస్ అనేవాళ్ళు. నిగనిగలాడే పట్టుగుడ్డ మీద గానీ ఆర్టు కాగితం మీద గానీ అచ్చేసి, చుట్టూ పూల బోర్డరు పెట్టి, అద్దం కట్టించి ఇచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో రిటైరైన ప్రతి మాస్టారింట్లో, ప్రతి తాసీల్దారింట్లో ముందుగదిలో ఒకటి వేలాడేది. చదివినవాళ్ళని చూళ్ళేదు. అద్దం తుడిచేవాళ్ళని చూశాను.

ఆ ఇంగ్లీషు పత్రాలన్నీ ఒకే పత్రం. పాతదొకటి తెచ్చి పేరు మార్చి రాసుకొచ్చేవాళ్ళు. అందులో తప్పకుండా ఉండే మాట 'హాల్సియన్', ఆయన కాలం హాయిగా, ప్రశాంతంగా గడిచిందని చెప్పడానికి. హాల్సియన్ డేస్, హాల్సియన్ పీరియడ్, హాల్సియన్ ఇయర్స్. ఏ స్కూలైనా, ఏ ఆఫీసైనా, వెళ్ళిపోతున్న పెద్దమనిషి ఏలుబడి హాల్సియన్‌గానే గడిచేది. ఆఖరికి మూడుసార్లు సస్పెండైన ఆయనది కూడా. పైగా కాపీల్లో సగం తప్పు స్పెల్లింగుతో వచ్చేవి. ఎల్ తర్వాత సి, ఆ పైన వై ఉండాలి కదా, వైని ముందుకు తెచ్చి 'హాలికాన్' చేసేవాళ్ళు. కాపీలో ఉన్నదే వేదం కనుక తాత అట్టాగే పేర్చేవాడు. అచ్చైపోయేది, అద్దం ఎక్కేది. ప్రెస్సులో అట్ట ఊడిన శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఉండేది గానీ, దాన్ని ఎక్కువగా కాగితాలు ఎగరకుండా వాడేవాళ్ళం.

1983లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సర్కారీ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించారు. ఈ సంగతి ఆ కాలం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంకా మూడేళ్ళుందిలే అనుకున్నవాళ్ళందరూ ఒకేసారి ఇంటికెళ్ళాల్సొచ్చింది. ఎవరి ఇళ్ళల్లో ఏం జరిగిందో తర్వాత కథలు కథలుగా విన్నాం గానీ, మాకు మాత్రం ఊపిరాడలేదు. ఒకవైపు మాఘం పెళ్ళిళ్ళు, ఇంకోవైపు ఫేర్‌వెల్ అడ్రసులు. పూల బోర్డర్లు చాలక ఒక పత్రం అచ్చవగానే విప్పి ఇంకోదానికి కట్టేవాళ్ళం. తాత ఆ ముక్క ఎన్నిసార్లు పేర్చాడో, ఆఖరికి కాపీ చూడకుండానే హెచ్ ఏ ఎల్ అంటూ వేళ్ళు వాటంతటవే పోయేవి.

అప్పుడొచ్చారు ఆ హెడ్మాస్టారు. కొల్లూరు వైపు ఏదో హైస్కూలు. పంచె, పైన తెల్ల చొక్కా, సైకిలు అరుగుకి ఆనించి లోపలికొచ్చారు.

"ఏమయ్యా, నా చావు కబురు ఇక్కడేనా అచ్చవుతోంది?"

"అవేం మాటలు మాస్టారండీ" అని తాత లేచి నిలబడ్డాడు. సన్మానం పొందబోయే మనిషికి ముందుగా పత్రం చూపించడం మర్యాద కాదు. పెదనాన్న ఊళ్ళో లేడు. తాత నా మొహం చూశాడు, నేను తాత మొహం చూశాను. మాస్టారు ఈలోపే గ్యాలీ (పేర్చిన అక్షరాలుంచే పళ్ళెం) మీదున్న ప్రూఫు చేతిలోకి తీసుకున్నారు. తడి ఆరని ప్రూఫు, వేళ్ళకి నలుపంటుకుంది.

నిలబడే చదివారు. ఒకచోట ఆగి నన్ను పెన్సిలడిగారు. ముందు వైని వెనక్కి, సిని ముందుకి జరుపుతూ గుర్తు పెట్టారు. తర్వాత 'ఇయర్స్' అన్న మాట కొట్టేశారు.

"ఎవడు రాశాడో గానీ, హాల్సియన్ ఇయర్స్ ఏందయ్యా? డేస్. అవీ పద్నాలుగే. ఏడు ముందు, ఏడు వెనక."

మాకేం అర్థం కాలేదు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. రిటైరవబోతున్న మాస్టారికి ఇద్దరు విద్యార్థులు దొరికారు, అందులో ఒకాయన అరవై దాటినవాడు.

"లకుముకి తెలుసా నీకు?" అన్నారు నన్ను.

లకుముకి తెలీనివాడు తెనాలిలో ఉండడు. కాలవ మీద కరెంటు తీగ కనబడితే దానిమీద ఒకటుంటుంది. ఇటుకరంగు తల, గొంతు కింద తెల్లటి మచ్చ, వీపంతా నీలం, ఒంటికి పెద్దదైపోయిన ఎర్రటి ముక్కు. కదలకుండా కూర్చుని కూర్చుని ఉన్నట్టుండి గట్టిగా కిలకిలమని అరుచుకుంటూ ఎగిరిపోతుంది. దసరానాడు పాలపిట్టని చూడాలని జమ్మిచెట్టు దగ్గరికి పోయి, నీలం రెక్క కనబడగానే "అదిగో" అని పిల్లలం అరిస్తే, "అది లకుముకిరా, దానికి దణ్ణం పెడితే ఏమొస్తది" అని పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఆ లకుముకే హాల్సియన్" అన్నారు మాస్టారు.

ఆయన చెప్పిన కథ ఇది. ఎప్పటిదో గ్రీకుల కథ. వాయువులన్నిటినీ గుహలో కట్టేసి ఏలే రాజు ఈయోలస్. ఆయన కూతురు ఆల్సియోనీ. ఆమె మొగుడు సీయిక్స్, ట్రాకిస్ అనే ఊరికి రాజు, వేగుచుక్క కొడుకు. ఒకనాడు సీయిక్స్ దేవుడి వాక్కు అడగడానికి సముద్రం మీద ప్రయాణం పెట్టుకున్నాడు. ఆల్సియోనీ వద్దని ఏడ్చింది. "గాలుల సంగతి నీకేం తెలుసు? నేను పుట్టింట్లో వాటిని చూస్తూ పెరిగాను" అంది. వినలేదు. తుఫానులో ఓడ మునిగింది. ఆమెకి ఆ సంగతి తెలీదు. రోజూ గుడికెళ్ళి మొగుడు క్షేమంగా రావాలని మొక్కుతూనే ఉంది. చచ్చిపోయినవాడి కోసం మొక్కుతుంటే చూళ్ళేక దేవత కలని పంపింది. కలలో మొగుడే వచ్చి, ఒళ్ళంతా నీళ్ళోడుతూ, నేను లేనని చెప్పాడు. తెల్లారి ఆమె ఒడ్డుకి పరిగెత్తితే అలల మీద శవం కొట్టుకొస్తోంది. దూకింది. దూకిన మనిషి నీళ్ళని తాకేలోపే పిట్టయింది. అతన్నీ పిట్టని చేశారు దేవతలు. నడిచలికాలంలో ఆ పిట్ట సముద్రం మీద తేలే గూడు కట్టి గుడ్లు పొదుగుతుందట. అప్పుడు తండ్రి గాలుల్ని కట్టేస్తాడు, మనవల కోసం. సముద్రం కదలదు. ఆ రోజులే హాల్సియన్ డేస్.

శవం కొట్టుకొచ్చిందన్న దగ్గర తాత చేతిలోని అక్షరాలు పేర్చే స్టిక్ కింద పెట్టేశాడు. తాతది రేపల్లె అవతల ఊరు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అప్పటికి ఆరేళ్ళయినా కాలేదు. మాస్టారికీ అది తట్టినట్టుంది, కాసేపు ఆగారు.

ముందు తేరుకుంది తాతే. "అంతా బానే ఉంది గానీ మాస్టారండీ, లకుముకి సముద్రం మీద గూడు కట్టడమేందండీ? కాలవ గట్టుకి బొక్క పెట్టుకుని అందులో పెడతది గుడ్లు. చెయ్యి పెడితే కంపు."

మాస్టారు పగలబడి నవ్వారు. "నువ్వు చెప్పిందే నిజం. గ్రీకు వాడికి గట్టు కనబళ్ళేదు."

తర్వాత షేక్‌స్పియర్ దగ్గరికెళ్ళారు. ఆరో హెన్రీ నాటకం మొదటి భాగంలో ఫ్రెంచి వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ అంటుందట, నేను ఈ యుద్ధంలోకి దిగాను, ఇక సెయింట్ మార్టిన్ ఎండ, హాల్సియన్ డేస్ వస్తాయి చూడండని. సెయింట్ మార్టిన్ ఎండంటే నవంబరులో, చలి ముదిరే ముందు నాలుగు రోజులు కాసే వెచ్చటి ఎండ. "అదిగో, చుట్టూ ముట్టడి, మధ్యలో నాలుగు రోజుల ఎండ. అది హాల్సియన్. అంతేగాని ముప్ఫయ్యేళ్ళ సర్వీసు హాల్సియన్ ఏందయ్యా! నా స్కూల్లో పైకప్పు ఎన్నిసార్లు ఎగిరిపోయిందో వీడికి తెలీదా?"

వెళ్తూ వెళ్తూ, తాను వచ్చినట్టు స్టాఫుకి చెప్పొద్దన్నారు.

దిద్దుబాటు చూడ్డానికి నేను తాత పక్కనే నిలబడ్డాను. చిమటాతో 'ఇయర్స్' లోంచి ఇ, ఆర్ పీకాడు. వై, ఏ, ఎస్ ఉండిపోయాయి. ఏని ముందుకు జరిపి, వైని వెనక్కి నెట్టి, కేసులోంచి ఒక్క డి తెచ్చి ముందు పెట్టాడు. మూడక్షరాలు పాతవే, ఒక్కటే కొత్తది. వరసలో ఖాళీ మిగిలింది. సన్న స్పేసు ముక్క ఇరికించి బొటనవేలితో నొక్కి చూశాడు. "కుదిరింది" అన్నాడు. అర్థం తెలిసి తాత పేర్చిన ఇంగ్లీషు మాట బహుశా అదొక్కటే.

సభకి పెదనాన్నతోపాటు నేనూ వెళ్ళాను, డబ్బులు వసూలు చేసుకోవాలి కాబట్టి. షామియానా, దండలు, శాలువా. పత్రం చదివింది దాన్ని రాసిన సోషల్ మాస్టారే. చేతిలో అచ్చు పత్రం ఉన్నా ఆయనకది నోటికొచ్చు. గొంతెత్తి "దోజ్ హాల్కియాన్ ఇయర్స్!" అన్నారు. హెడ్మాస్టారు దండల్లోంచి నావైపు చూసి కళ్ళతోనే నవ్వారు.

ఆ తర్వాత ఉద్యోగం పేరుతో ఊళ్ళు తిరిగాను. ఏ ఊరెళ్ళినా లైబ్రరీలో ఈ పిట్ట వెంటపడడం అలవాటైంది. మాస్టారు చెప్పింది రోమను కవి ఓవిడ్ మెటమార్ఫసిస్‌లో, పదకొండో భాగంలో ఉంది. ఓవిడ్ ఏడు రోజులే అన్నాడు. పద్నాలుగు లెక్క అరిస్టాటిల్ది. గూటికి ఏడు, గుడ్లకీ పిల్లలకీ ఏడు అని జంతువుల గురించి రాసిన పుస్తకంలో చెప్పాడు. మకర రేఖ మీదికి సూర్యుడు చేరే రోజు నడుమ, ఇటేడు అటేడు. గ్రీసులో జనవరిలో చలి విరిగి ఎండకాసే రోజుల్ని ఇప్పటికీ ఆల్సియోనీ రోజులనే అంటారు.

మాట పుట్టుక ఇంకా తమాషా. గ్రీకులో అసలు మాట 'ఆల్క్యోన్', ముందు 'హ' లేదు. సముద్రాన్ని వాళ్ళు 'హాల్స్' అంటారు. సముద్రం మీద కడుపు పండించుకునే పిట్ట కదా అని ఎవరో ఆ హకారాన్ని తగిలించారు. పండితులు అది జనం కల్పించిన వ్యుత్పత్తి అని కొట్టేస్తారు గానీ, హకారం మాత్రం ఇంగ్లీషు దాకా వచ్చి స్థిరపడిపోయింది. లేని గూడు కోసం వచ్చిన అక్షరం! దానికోసమేగా మా తాత అన్నిసార్లు పెద్ద హెచ్ వెతికింది.

ఇంగ్లండులో ఇంకో నమ్మకముండేది. చచ్చిన లకుముకిని ఎండబెట్టి దారంతో వేలాడదీస్తే, గాలి ఎటునుంచి వస్తే అటు ముక్కు తిప్పుతుందని. కింగ్ లియర్ నాటకంలో యజమాని ఎటంటే అటు తిరిగే నౌకర్లని ఈ ముక్కుతోనే తిట్టిస్తాడు షేక్‌స్పియర్. సర్ థామస్ బ్రౌన్ అనే డాక్టరుగారు నిజంగా పిట్టల్ని వేలాడదీసి చూసి, అదేం లేదని 1646లో పుస్తకం రాసి తేల్చాడు. మా తాత ఆయనకి దొరికుంటే సముద్రం గూడు సంగతి కూడా తేల్చేసేవాళ్ళు ఇద్దరూ.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం శాస్త్రీయ నామం. మన కాలవ తీగ మీద కూర్చునే లకుముకికి 'హాల్సియన్ స్మిర్నెన్సిస్' అని పేరు. 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని స్మిర్నా ఊరి పిట్టగా నమోదు చేశాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్. 1821లో పక్షిశాస్త్రవేత్త స్వెయిన్‌సన్ హాల్సియన్ అనే ప్రజాతి పెట్టాడు. అంటే మాస్టారు వరసకలపడం కాదు, అక్షరాలా అదే పేరు. సముద్రం పేరు పెట్టుకున్న ఈ పిట్ట తినేదేమో ఎక్కువగా మిడతలు, బల్లులు, కప్పలు, ఎండ్రకాయలు. సీయిక్స్ పేరు కూడా ఊరికే పోలేదు, చిన్నజాతి లకుముకులకి అది ప్రజాతి పేరైంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పక్షిశాస్త్రంలో చెరొక కొమ్మ మీద కూర్చున్నారు.

ఇదంతా చదివాక నాకు మాస్టారి దిద్దుబాటు మీద గౌరవం ఇంకా పెరిగింది. ఇంగ్లీషులో కూడా ఈ మాటని ఇప్పుడు పోయిన మంచి కాలానికి వాడేస్తున్నారు, మా సోషల్ మాస్టారే గెలిచారు. వాడుక అది, కాదనలేం. నాకు మాత్రం పాత అర్థమే ఇష్టం. ఎందుకంటే మా ప్రెస్సుకీ అలాంటి రోజులుండేవి. ధనుర్మాసం. పెళ్ళిళ్ళు ఉండవు. కొట్లవాళ్ళ కాలెండర్లు అప్పటికే వెళ్ళిపోయేవి. లెక్కేస్తే ఆ అరిస్టాటిల్ పద్నాలుగు రోజులూ దాదాపుగా ధనుర్మాసం మొదటి పక్షంలోనే పడతాయి. మన తీరంలోనూ కార్తీకం తుఫాన్లు వెళ్ళిపోయి గాలి నెమ్మదించే కాలమే.

అప్పుడు తాత కేసులన్నీ దించేవాడు. ఏడాదంతా తొందరలో ఒక గడిలోంచి ఇంకో గడిలో పడ్డ అక్షరాల్ని ఏరాలి. తోలు తిత్తితో ఊదితే గళ్ళలోంచి దుమ్ము లేచేది. నేను అరిగిపోయిన సీసాన్ని వేరు చేసి డబ్బాలో వేసేవాణ్ణి. పక్క వీధి గుళ్ళో తిరుప్పావై అయిపోయి ఎవరో ఒకరు ప్రసాదం పంపేవాళ్ళు, మిరియాలు పంటికింద పడే కట్టెపొంగలి. ట్రెడిల్ మీద గోనెపట్టా. బాకీలాళ్ళు కూడా సంక్రాంతి వెళ్ళాక వస్తాంలే అనుకునేవాళ్ళు. పెదనాన్న మధ్యాహ్నం పూట నిద్రపోయేది ఏడాదిలో అప్పుడే. మాఘం రాగానే మళ్ళీ మామూలే, అప్పులు, కరెంటు కోత, పెళ్ళికొడుకు ఇంటిపేరులో అచ్చుతప్పు, గొడవ.

ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది, కంప్యూటర్లో అక్షరాలు పేర్చే డీటీపీ వచ్చింది. ప్రెస్సు మూతపడింది. సీసం తూకానికి పోయింది. తాత అంతకు ముందే పోయాడు. ఇప్పుడు సన్మానమంటే ఫ్లెక్సీ. మనిషి కంటే ఫొటో పెద్దది, వానకి తడిసినా చెడదు, కిందపడితే ఎవరో తీసుకెళ్ళి వడ్ల మీద కప్పుకుంటారు. ఫ్లెక్సీ మీద ఇంగ్లీషు ఉంటుంది గానీ హాల్సియన్ ఎక్కడా కనబళ్ళేదు నాకు.

మీలో ఎవరి తాతగారైనా మాస్టారో, గుమాస్తాగిరీ చేసినవారో అయ్యుండి, తెనాలి చుట్టుపక్కల 1983లో రిటైరై ఉంటే, అటక మీద అద్దం కట్టిన ఇంగ్లీషు పత్రం ఒకటి తప్పకుండా ఉంటుంది. దుమ్ము దులిపి రెండో పేరా చూడండి. హాల్సియన్ కనబడుతుంది. అందులో ఎల్ పక్కన వై ఉంటే అది మా ప్రెస్సుది కావడానికే అవకాశమెక్కువ. ఫొటో తీసి పంపండి, బోర్డరు చూసి చెప్పేస్తాను.